ఇండూరు బస్టాపులో వాటర్ పోలో బ్యానరు

ముప్పై దాటాక ఈత నేర్చుకున్నవాణ్ణి నేను. కడపలో మా ఈత కొలనులో ఇప్పటికీ లోతు వైపు పోవాలంటే గోడ పట్టుకునే పోతాను. అలాంటివాడికి వాటర్ పోలో పిచ్చి పట్టడమంటే మా ఇంట్లో అందరికీ నవ్వులాట. కానీ చూస్తే మీకూ పడుతుంది. ఒక్కో వైపు ఏడుగురు, కాలు నేలకు ఆనకూడదు, ఆట అయ్యేదాకా కాళ్ళతో నీళ్ళు తొక్కుకుంటూ నిలబడాలి, మీద పడి పీకేవాళ్ళ మధ్య బంతి విసరాలి. మన దేశం జట్టులో ఒక గోల్‌కీపరు ధర్మపురి దగ్గర ఇండూరు వాడని, ఇంట్లో తెలుగే మాట్లాడతాడని, ఈత నేర్చింది సేద్యపు బావిలోనని మా కోచ్ చెప్పగానే నా మనసు ఆగలేదు. నంబరు సంపాదించి ఫోన్ చేశాను. పేరు గోవిందు. "శనివారం అమ్మను తీర్థమలై కొండ మీది గుడికి పిలుచుకొని పోతా ఉండాను అన్నా. మీరూ రాండి. ఆ దినమే మాకు తెలిసిపోతాది" అన్నాడు. ఏం తెలుస్తుందో అడిగేలోపే పెట్టేశాడు.

బెంగళూరులో సేలం వైపు వెళ్ళే బస్సు ఎక్కితే హోసూరు, కృష్ణగిరి మీదుగా ధర్మపురికి మూడు గంటల పైచిలుకు. టికెట్ రెండు వందల లోపే. నేను శుక్రవారం మధ్యాహ్నం దిగి, బస్టాండు దగ్గరే ఏడు వందలకు ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. గది గురించి మంచి మాట చెప్పాలంటే తలుపు గడియ బలంగా ఉంది. తెల్లవారి ఆరింటికి ఇండూరు టౌన్ బస్సు పట్టుకుంటే అరగంటలో ఊళ్ళో ఉన్నాను. దారి పొడుగునా రాగి చేలు, టమాటా తోటలు, మామిడి తోపులు. కిటికీ పక్కన కూర్చోండి, అంతకంటే మంచి టిఫిన్ లేదు.

బస్టాపులో దిగగానే ఎదురైంది ఒక బ్యానరు. మనిషికి రెండింతల ఎత్తు. పైన నీలం నీళ్ళలోంచి రెండు చేతులూ ఎత్తి బంతికి అడ్డం నిలిచిన గోవిందు. కింద పసుపు రంగు తమిళ అక్షరాలు. నాకు తమిళం కూడబలుక్కోవడమే వచ్చు. కూడబలుక్కుంటే అర్థమయింది ఇది: ప్రపంచ పోటీకి బయలుదేరుతున్న మా ఊరి సింహానికి అభినందనలు. అక్షరాల పక్కన మెడలో బంగారు గొలుసుతో ఇంకొకాయన ఫోటో. ఆ ఫోటోలోని మనిషే పక్కన ఎరువుల అంగడిలోంచి నవ్వుతూ వచ్చాడు. గోవిందు మేనమామ, వెంకటాచలం.

"బ్యానరు ఎట్లుంది?" అన్నాడు.

"చాలా బాగుంది. కానీ మన జట్టుకు ఇంకా సీటు ఖాయం కాలేదు కదండీ?"

"ఆసియాలో ఆడినాడు, దేశం బనియను ఏసినాడు. ఇంకేమి ఖాయం కావాల?" అని నన్నే జాలిగా చూశాడాయన. ఈ జిల్లాలో చెవులు కుట్టినా బ్యానరే, పదో తరగతి పాసైనా బ్యానరే. మేనల్లుడు దేశానికి ఆడితే ఆ మనిషి ఎలా ఆగుతాడు?

గోవిందు ఇల్లు రోడ్డుకు లోపలగా ఉంది. ముందు మేకల పాక, వెనక బావి. వాళ్ళమ్మ చెన్నమ్మ నన్ను చూస్తూనే రాగి సంగటి ముద్ద, ఉలవచారు పెట్టేసింది. తినకపోతే కారు ఎక్కనిచ్చేలా లేదు. కారు బాడుగ ఇండూరు నుంచి తీర్థమలై పోయి రావడానికి రెండువేల ఐదు వందలు. టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేని రాష్ట్రంలో ఇంత డబ్బు కారుకు పోయడం ఆమెకు బొత్తిగా నచ్చలేదు. హరూరు దాటేదాకా ఆ మాటే అంటూ ఉంది.

డ్రైవరు సెల్వం తమిళుడు. ఈ ఊళ్ళ మధ్య తిరిగి తిరిగి తెలుగు పట్టుబడింది. "ఎప్పుడు ఫ్లైటు తంబీ?" అని గోవిందును అడిగాడు. గోవిందు ఉన్న సంగతి చెప్పాడు.

"ఫ్లైటు లేదన్నా. ప్రపంచ పోటీకి ఎవరు పడితే వాళ్ళు పోలేరు. పోటీ నడిపే దేశానికి ఒక సీటు. ముందు పోటీల్లో పైన నిలిచినోళ్ళకు కొన్ని. మిగిలినవి ఖండాలకు పంచుతారు. ఆసియాకు వచ్చేది కొంచెమే. ఆసియా పోటీలో ముందు నిలిచినోళ్ళు ఆ సీట్లు తీసుకొని పోయినారు. మేము వాళ్ళ వెనకాలనే ఆగినాము."

"అయితే అయిపోయిందా?" అంది చెన్నమ్మ. ఆమె అప్పటికి పదిసార్లు విన్న కథే అది, అయినా అడుగుతుంది.

"అయిపోలేదమ్మా. సీటొచ్చిన ఒక దేశానికి జట్టును పంపేదానికి దుడ్లు లేవంట. వాళ్ళు రామంటే ఆ సీటు మాకు. ఈ దినం లోపల చెప్పాల."

ఈ లెక్కలు ప్రతి పోటీకీ కొంచెం మారతాయి, ఎన్ని సీట్లన్నది కూడా. కానీ తీరు ఇదే. ఇలా ఎవరో వదులుకుంటే లోపలికి వచ్చిన జట్లు ఉన్నాయి. గోవిందు వయసు ముప్పైకి దగ్గర పడింది. మళ్ళీ ఆసియా పోటీ, మళ్ళీ ఆ సీటు అంటే కొన్నేళ్ళు. "అప్పటికి నా కాళ్ళు ఇట్లే తొక్కుతాయో లేదో అన్నా" అని నాతో మెల్లగా అన్నాడు. ఇంకెక్కడో ఊళ్ళో పిల్లలు ఆగిపోతే తప్ప ఇతను కదలలేడు, ఆ సంగతి ఇతనికీ తెలుసు.

తీర్థమలై మెట్లు ఎండ ఎక్కకముందే ఎక్కాలి. మేము తొమ్మిదికి మొదలుపెట్టి, నా మోకాళ్ళ పుణ్యమా అని గంటన్నర తీసుకున్నాము. చెన్నమ్మ చెప్పులు కిందే వదిలి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, మేకల వెనక పోయినట్టు పోయింది. దారిలో కోతులు నా సంచిలోని అరటిపండ్లు దబాయించి తీసుకున్నాయి. గోవిందు చిన్నప్పటి మాటలు చెబుతూ ఎక్కాడు. ఎండు సొరబుర్రలు వీపుకు కట్టి అమ్మే బావిలోకి తోసిందట. బావిలో లోతు లేని వైపు అంటూ ఉండదు, పట్టుకుందామంటే గోడంతా పాచి. "కాలు ఆననీకుండా నేర్పించింది అమ్మేన్నా, కోచ్ కాదు" అన్నాడు. పైన కొండ రాతి మీదినుంచి రామతీర్థమనే ధార సన్నగా పడుతోంది. చెన్నమ్మ దాని కింద నిలబడి, తడిసి, కళ్ళు మూసుకుని చాలాసేపు మొక్కుకుంది. ఏం మొక్కుకున్నావని ఎవరూ అడగలేదు. కొండ దిగేదాకా మొక్కు పైకి చెప్పకూడదు వాళ్ళకు.

పైన ఫోనుకు సిగ్నలు లేదు. చివరి మెట్లు దిగుతుండగా గోవిందు జేబులో మోగింది. జట్టు కోచ్. గోవిందు విన్నాడు, "సరే సార్" అన్నాడు, మళ్ళీ "సరే సార్" అన్నాడు, పెట్టేశాడు. ఆ దేశానికి ఎలాగో డబ్బు సమకూరింది, వాళ్ళు వస్తున్నారు. అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు. సెల్వం కారు తలుపు తీసి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

చెన్నమ్మ కొడుకు పక్కనే కూర్చుని చెప్పులు వేసుకుంది. "వాళ్ళు పోతా ఉండారా?" అంది.

"పోతా ఉండారు."

"సరే. నేను అడిగింది అదే."

గోవిందు గిర్రున తిరిగాడు. "అమ్మా! ఇంత కొండ ఎక్కి నాకు కాకుండా వాళ్ళకు అడిగినావా?"

"నీకు అడగాలంటే వాళ్ళ పిల్లోళ్ళు ఆగిపోవాలని అడగాల. పక్క మందలో మేకలు చస్తే మనకు మేత మిగలాలని ఎవరన్నా మొక్కుతారా? నాకు నోరు రాలేదు నాయనా. వాళ్ళకు అడిగినాను, నీ కాళ్ళకు బలం అడిగినాను. అంతే."

అతనికి కోపం వచ్చింది. ముఖం చూస్తే తెలుస్తుంది. హరూరులో భోజనానికి దిగినప్పుడు కూడా తల్లితో మాట్లాడలేదు. కానీ హోటలు వాడు ఆమె ఆకులో కూర తక్కువ వేశాడని గట్టిగా పిలిచి మళ్ళీ వేయించింది అతనే.

ఇండూరు చేరేసరికి నాలుగు. ఆ వార్త మాకంటే ముందే వచ్చేసింది. వెంకటాచలం నిచ్చెన మీద ఉన్నాడు, బ్యానరు తాళ్ళు విప్పుతున్నాడు. ముఖం మాడిపోయి ఉంది. "ఊరంతా నవ్వుతా ఉండారు అక్కా. నా వల్లనే పిల్లోడికి తలవంపు" అన్నాడు.

చెన్నమ్మ కారు దిగి బ్యానరు ముందు నిలబడింది. "అందులో ఏముందో నాకు చదవను రాదు. బొమ్మ మావోడిదే కదా?"

"బొమ్మ వాడిదే. కింద రాసిందే తప్పు."

"అయితే తప్పు కోసెయ్. బొమ్మను ఎందుకు దించుతావు?"

ఆమె అంగడిలోంచి కొడవలి తెచ్చి తమ్ముడి చేతికిచ్చింది. బ్యానరు అడ్డంగా తెగింది. పసుపు అక్షరాలతో పాటు ఆయన బంగారు గొలుసు ఫోటో కూడా కింద పడింది, పాపం. గోవిందు ఆ రోజు మొదటిసారి నవ్వాడు. కింది ముక్క చుట్టి భుజాన వేసుకుని, "మేకల పాక కారతా ఉంది కదమ్మా" అన్నాడు. సాయంత్రం దాన్ని పాక మీద పరిచి, అటునుంచి అటే బావిలో దూకాడు. రెండు చేతులూ నీళ్ళపైకి ఎత్తి, కాళ్ళు మాత్రమే తొక్కుతూ నిలబడ్డాడు. చెన్నమ్మ గట్టు మీద కూర్చుని మేకలకు ఆకు విరుస్తోంది, కొడుకు వంక చూడనట్టే చూస్తోంది. నేను బస్సుకు లేచేదాకా అతని చేతులు దిగలేదు.

ఆటల్లో అర్హత అంటే గెలవడమేనని అనుకుంటూ వచ్చాను. ఎవరో ఆగిపోతే వచ్చే సీటు కోసం ఒక మనిషి ఎంత నలిగిపోతాడో ఆ మెట్ల మీద చూశాను. అతను ఆ సీటు కోరుకోవడంలో తప్పు లేదు, తల్లి కోరలేకపోవడంలోనూ లేదు. వాళ్ళకు తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు కాబట్టి ఇదంతా చదివి గోవిందు ఫోనుకు వాయిస్ పంపాను. "అమ్మ రెండుసార్లు వినింది అన్నా. ఉలవచారు సంగతి బాగుందంట" అని జవాబు వచ్చింది. మీరు వెళ్ళేటట్టయితే ఒక్క మాట: అరటిపండ్లు కారులోనే వదిలి కొండ ఎక్కండి. ఇండూరు బస్టాపులో దిగినప్పుడు కింద అక్షరం ముక్క లేని బ్యానరు కనిపిస్తే, సగమే ఉందేమిటని అడగకండి. అందులో ఉన్నది మొత్తం నిజం.