పెట్టె తలుపు తీసే మనిషి

మేడ్చల్ సిగ్నల్ మెయింటెయినర్‌ను నేనెప్పుడూ చూడలేదు. గొంతు మాత్రమే తెలుసు. పట్టాల పక్కన సిగ్నల్ పరికరాలుండే ఇనుప పెట్టెలన్నిటినీ నెట్‌వర్క్‌కు కలిపాక, నగరంలో ఓ గదిలో కూర్చుని వాటిని తెర మీద కనిపెట్టుకుని ఉండడం నా పని. అతనికి తోడుగా తిరిగే మనిషిని అప్పుడే వేరే చోటికి మార్చేశారు.

ఏ పెట్టె తలుపు తీసినా నా తెర మీద ఎర్రగా వెలుగుతుంది. తీసిందెవరో ఫోన్ చేసి కనుక్కోవాలి. రోజూ మధ్యాహ్నం అన్నం వేళకు మేడ్చల్‌లో అదే పెట్టె వెలిగేది.

"నేనే సార్. అంతా మంచిగనే ఉన్నది. తిన్నరా? ఏం కూర?"

ఒకరోజు విసుగొచ్చి అడిగాను. "పనేం లేకుండ రోజూ తలుపెందుకు తీస్తున్నవన్నా?"

అతను నమలడం ఆపాడు.

"తీస్తెనే గద సార్ మీరు ఫోన్ జేసేది. ఊకెనే నేను జేస్తె బాగుంటదా? ఒక్కన్నే తినబుద్ధయితలేదు."

మర్నాటి నుంచి ఆ ఎరుపు వెలిగాకే నేనూ డబ్బా విప్పేవాణ్ణి.

తర్వాత ఫోన్ చేసే పనీ యంత్రానికే అప్పగించారు. రికార్డు చేసిన గొంతు అతన్ని ఒక్కసారే పలకరించింది. ఆనాటి నుంచి మధ్యాహ్నం ఆ పెట్టె పచ్చగానే ఉంటోంది.

డబ్బా ముందు పెట్టుకుని అతని నంబరు తీస్తాను. ఊరికే చేస్తే బాగుంటుందా అనుకుని, ఫోన్ పక్కన పెట్టేస్తాను.