కదలని గళ్ళు

ఆ కనికట్టు బొమ్మల మ్యూజియంకి మా ఆయన్ని అబద్ధం చెప్పి తీసుకుపోయాను. ఏడాదిగా ఆయన నేసిన చీరలు గద్వాలలో మా ఇంటికే తిరిగొస్తున్నాయి. పట్టంచూ నూలు బట్టా కలిసేచోట పోగులు తప్పుతున్నాయి. ముప్పై ఏళ్ళు మగ్గం మీద ఆడిన చెయ్యి. తప్పుతున్నది కళ్ళేనని నా అనుమానం. దవాఖాన మాటెత్తితే మాత్రం కస్సుమంటాడు. "నూలు మంచిగొస్తలేదే" అంటాడు, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. అందుకే హైదరాబాదులో కళ్ళ డాక్టరు దగ్గర మధ్యాహ్నానికి పేరు రాయించి, కొత్త డిజైన్లు చూసొద్దామని బస్సెక్కించాను.

లోపల గోడల నిండా గీతలు, వలయాలు, చతురస్రాలు. అన్నీ నలుపూ తెలుపే. అక్కడ పనిచేసే అమ్మాయి మమ్మల్ని ఒక బొమ్మ ముందు నిలబెట్టి, కాసేపు చూడండి, గీతలు కదులుతాయి అంది. నిజంగానే కదిలాయి. చుట్టూ ఉన్నవాళ్ళు అబ్బో అంటున్నారు.

"దీంట్ల ఏముందే?" అన్నాడు ఆయన. నాకు ఒళ్ళు మండింది. ఇంత బతిమాలి తెచ్చింది ఈ మాట కోసమా!

పక్క గోడకు మామూలు గళ్ళ బొమ్మ ఉంది. దాని ముందు నిలబడి ఎంతకీ కదలడే. డాక్టరు దగ్గర వంతు దాటిపోతుందని నేను పళ్ళు కొరుక్కుంటున్నాను.

"బిడ్డా, ఇది గూడ కదిలేటట్టే గీసిన్రా?" అని ఆ అమ్మాయిని అడిగాడు.

"లేదండీ, ఇది కదలదు. ఉత్త గళ్ళే. తేడా తెలియాలని పెట్టాం."

ఆయన ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత రెండోది మూసి చూశాడు.

"నాకు కదులుతున్నయే" అన్నాడు నాతో మెల్లగా. "మగ్గం మీద గూడ గిట్లనే. ఇంత వయసొస్తే అందరికి గట్లనే ఉంటదనుకున్న."

"గీ మాట జర ముందుగాల చెప్తే ఏం పోతుండెనయ్యా!" అని అరిచాను. అందరూ తిరిగి చూశారు. చూస్తే చూడనీ. ఆయన మీద కోపం, అంతకు రెండింతలు నా మీద కోపం. చీర తిరిగొచ్చిన ప్రతిసారీ పని మీద ధ్యాస లేదని తిట్టిపోసింది నేనే. నీకెలా కనబడుతోందని ఒక్కనాడూ అడగలేదు.

డాక్టరు సంగతి అక్కడే చెప్పేశాను. కస్సుమంటాడనుకున్నాను, అనలేదు. "పా, పోదాం" అన్నాడు. బయట మెట్ల దగ్గర, ఎన్నడూ లేనిది, నా చెయ్యి పట్టుకున్నాడు. ఈ మెట్లు కూడా కదులుతున్నాయా అని అడగడానికి నాకు నోరు రాలేదు.