ఏబీఎస్ తీయించిన రోజు

బండి ఆగేసరికి మేమిద్దరం ధాన్యం రాశిలో ఉన్నాం. ముందు చక్రం సగం దాకా దిగబడిపోయింది. నా చెప్పుల్లో, చీర కుచ్చిళ్ళలో, క్యారేజీ సంచిలో, అంతటా ధాన్యమే. కానీ పడలేదు. ఫొటో స్టూడియోలో కూర్చోబెట్టినట్టు ఇద్దరం బండి మీద నిటారుగానే ఉన్నాం. ఆ సంగతి నేను తప్ప ఎవరూ పట్టించుకోలేదు.

ఎండాకాలం దాళ్వా పంట కోతలైతే మా వైపు రోడ్డుకి సగం ధాన్యం ఆరబోస్తారు. మిగతా సగంలోంచే బస్సులూ లారీలూ మేమూ వెళ్ళాలి. మా ఆయన మండపేటలో రైసుమిల్లులో పనిచేస్తారు. నేను అక్కడే బట్టల షాపులో చేస్తాను. రోజూ ఆయన బండి మీదే వెళ్తాను. ఆ రోజు ఎదురుగా బస్సు వస్తే ఆయన పక్కకి తిప్పారు. ధాన్యం మీదకెక్కాక బ్రేకు నొక్కారు. బ్రేకు గుడగుడమంది, బండి మాత్రం తిన్నగా వెళ్ళి రాశిలోకి దూరింది.

ధాన్యం తిరగేస్తున్న రైతు పరిగెత్తుకొచ్చాడు. "ఏంటయ్యా బాబూ, మిల్లుకి నువ్వే తోలేద్దామనా?"

"పోన్లే బాబాయ్, తూకంలో వీళ్ళిద్దర్నీ కూడా వేసేద్దాం," అంది వెనక నుంచి ఒకావిడ. అందరూ నవ్వారు.

మా ఆయన మొహం మాడిపోయింది. "తప్పు నాది కాదండి. ఏబీఎస్ అని పెట్టారు దీనికి. మనం నొక్కుతుంటే అది వదిలేస్తుంది."

"బండినంటావేంటి, తోలింది బండా?" అన్నాడు రైతు.

అంతే. అక్కడే నిర్ణయం అయిపోయింది. మళ్ళీ బయల్దేరాక ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నారు, "సాయంత్రం ఆ దరిద్రం తీయించేస్తాను."

"పడలేదు కదండీ," అన్నాను.

"పడితే బాగుండేదా?"

నేను పడడమంటే ఏంటో తెలిసినదాన్ని. పాత బండికి ఈ ఏబీఎస్ లేదు. ఓ వానాకాలం కాలవగట్టు మీద గేదె అడ్డమొస్తే ఆయన గట్టిగా నొక్కేశారు. చక్రం బిగుసుకుపోయి బండి జారింది. ఆయన గెంతేశారు. చీర కట్టుకుని ఒక పక్కకి కాళ్ళు పెట్టి కూర్చున్నదాన్ని, నేనెక్కడ గెంతగలను? ఎడమ మోచెయ్యి విరిగింది. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా చాపలేను. షాపులో చీర పరిచి చూపిస్తుంటే ఒక కొస పైకీ ఒక కొస కిందకీ ఉంటుంది. ఆసుపత్రికి చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరితోనూ ఆయన ఒకటే మాట, "గట్టిగా పట్టుకోమని చెప్పానండి, పట్టుకోలేదు." అంటే అప్పుడు తప్పు నాది. ఇప్పుడు తప్పు ఏబీఎస్‌ది. మధ్యలో గేదెది కూడా కొంత ఉందనుకోండి.

కొత్త బండి కొనేటప్పుడు చేతికి కట్టుతోనే షోరూముకి వెళ్ళాను. అక్కడబ్బాయి ఏవేవో చెప్పాడు. మైలేజీ, సీసీ, నాకేం ఎక్కలేదు. "దీనికి చక్రం బిగుసుకుపోదండి, జారదు," అన్నాడు చూడండి, ఆ ఒక్క ముక్కా ఎక్కింది. అదే కావాలని మొండికేశాను. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నా మాట నెగ్గింది అదొక్కసారే.

సాయంత్రం ఇంటికెళ్తూ మెకానిక్ దగ్గర ఆపారు. మెకానిక్ అంతా విని, "ఫ్యూజు తీసేస్తే పనిచెయ్యదండి. మీటర్లో లైటు వెలుగుతానే ఉంటాది. రేపు వారంటీ అంటే మాత్రం నన్నడక్కండి," అన్నాడు.

"తీసేస్తే చక్రం బిగుసుకుపోతుందాండి?" అనడిగాను.

అడిగింది నేను. అతను జవాబు చెప్పింది మా ఆయనకి. "గట్టిగా నొక్కితే బిగుసుకుపోద్దండి. ధాన్యం మీదా కంకర మీదా కాస్త తొందరగా ఆగుద్దేమో. వానలో తారు రోడ్డు మీదైతే జారుద్ది. మీ ఇష్టం అండి."

"ధాన్యం ఉండేది నాలుగు రోజులు. మిగతా ఏడాదంతా తారే కదండీ. వానలొచ్చేస్తున్నాయి," అన్నాను.

"నడిపేది నువ్వా, నేనా?"

"కూర్చునేది నేను."

"కూర్చునేదానికి బ్రేకు సంగతెందుకు?"

అక్కడ టీ తాగుతున్న ఒకాయన కిసుక్కుమన్నాడు. ఆ నవ్వుతో మా ఆయనకి పొద్దున్న పోయిన పరువు సగం తిరిగొచ్చినట్టుంది. "తీసెయ్యవయ్యా," అన్నారు. మెకానిక్ సీటు ఎత్తి, గోరంత ముక్క పీకి ఆయన చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి అత్తయ్యతో చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ, "మగాడు తోలుకునే బండికి నీ సలహాలేంటమ్మాయ్? మీ మావయ్య సైకిలుకి అసలు బ్రేకే ఉండేది కాదు. నేనెక్కలేదా?" అన్నారు.

"ఎన్నిసార్లు పడ్డారత్తయ్యా?"

చేట మీద చెయ్యి ఆగింది. "పడితే పడ్డాం, లేచాం. దానికి లెక్కలెవరు రాసుకుంటారు?" అని మళ్ళీ ఏరడం మొదలుపెట్టారు. ఆవిడ నడుం నొప్పి ఎప్పటిదో, ఎందుకొచ్చిందో ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేను కూడా ఆ రోజు అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన బండి స్టార్ట్ చేసి గుమ్మం ముందు పెట్టారు. మీటర్లో పసుప్పచ్చ లైటు వెలుగుతోంది.

"ఎక్కు, లేటైపోతుంది."

"నేను ఆటోకి వెళ్తానండి."

"ఏంటి, కోపమా?"

"కోపం కాదు, భయం."

"నేనుండగా భయమేంటి?" అన్నారు. నిజంగానే అడిగారు, వెటకారం కాదు. అదే నాకు ఇంకా బాధేసింది.

క్యారేజీ సంచి భుజానికి తగిలించుకుని సెంటరు దాకా నడిచాను. షేరాటో అప్పటికే నిండిపోయి ఉంది. "రామ్మా, సర్దుకుందాం," అని పనికెళ్ళే ఆడవాళ్ళు జరిగారు. ఎక్కి వాళ్ళ మధ్యలో కూర్చున్నాను.