సభాగీ చల్లిన ఎర్రవడ్లు

సభాగీ నోరు మంచిది కాదని ఊళ్లో అందరూ అంటారు. మంచి నోరు పెట్టుకుని ఆ ఊళ్లో బతకమనండి చూద్దాం! సింధు నది సముద్రంలో కలిసే చోట, పటంలో నీలిగీత పాయలు పాయలుగా చీలి కనిపిస్తుందే, అందులో ఒక పాయ ఒడ్డున ఆమె గుడిసె. పటంలో ఆ పాయ నిండా నీళ్లే. ఒడ్డున నిలబడి చూస్తే ఉప్పు తేలిన తెల్లటి పర్ర.

ఆమె తాతల కాలంలో అక్కడి ఎర్రవడ్లు పడవలెక్కి మస్కట్ దాకా పోయేవి. తాలూకా కచేరీ, సుంకాల బంగళా, బజారు, అన్నీ ఆ గట్టుమీదే ఉండేవి. ఎగువన తెల్లదొరలు ఆనకట్ట కట్టి వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన నల్లదొరలు తామేం తక్కువ తిన్నామా అని ఇంకొన్ని కట్టారు. నది సన్నబడేకొద్దీ సముద్రం పొలాల్లోకి వచ్చి కూర్చుంది. కచేరీ మూటాముల్లె సర్దుకుని ఎగువ పట్నానికి పోయింది, తాలూకా పేరు మాత్రం ఇక్కడే వదిలేసి. మా వాటా ఎగువనున్న పంజాబ్ తినేసిందని కరాచీ సభలో గొంతు చించుకునే సింధ్ పెద్దమనుషుల చెరుకు తోటలు మాత్రం ఏ ఏడూ ఎండిన పాపాన పోలేదు. పైగా అందరిదీ ఒకే మాట: సముద్రంలో కలిసే నీళ్లు వృథా అట! ఆ మాట చెవిన పడితే సభాగీకి ఒళ్లు మండిపోయేది.

పొలం పోయింది గానీ విత్తనం పోనివ్వలేదు ఆవిడ. మామగారి నాటి ఎర్రవడ్లు ఒక మట్టికుండలో దాచింది. వాన పడిన ఏడాది గుంట పక్కన గుప్పెడు పెంచి, పాత గింజ తీసి కొత్త గింజ పోసేది. ఇంట్లో పొయ్యి వెలగని రోజున కూడా ఆ కుండ జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. చుట్టుపక్కల ఊళ్లలో ఆ వడ్లు ఇంకెవరి దగ్గరా లేవు.

ఆషాఢపు ఎండల్లో ఒక ఉదయం ఊరికి ఎగువనున్న కాలువ తలుపులు లేచాయి. ఎండి బీటలు వారిన కాలువలో నీళ్లు! జనం గట్టెక్కి కేకలు పెట్టారు. అక్కడి ఆచారం ఏమిటంటే, నీళ్లు రాగానే ఇంటి పెద్దావిడ దిగి దోసిలి పట్టి రుచి చూడాలి. ఉప్పగా ఉంటే సముద్రం, తియ్యగా ఉంటే నది. తియ్యటివైతే ఆ పూటే విత్తనం చల్లెయ్యాలి, ఒక్క గింజ వెనక్కి పెట్టుకోకూడదు. నదిని వాళ్లు దరియాషా అంటారు, అంటే ఏటిరాజు. రాజు గుమ్మంలోకి వస్తే సగం కుండ దాచుకోవడం నమ్మకద్రోహం, అలిగి మళ్లీ రాడు. వానకు ఆ పట్టింపు లేదు, నదికే.

సభాగీ దిగింది, పుక్కిలించింది, మింగింది. తియ్యటి నీళ్లు. ముసలి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. కుండ తెచ్చి బోర్లించింది. కోడలు జులేఖాఁ భయపడుతూ గుప్పెడు ఉంచుకుందామంది. “ఏటిరాజు ముందర పిసినిగొట్టు వేషాలేంటే?” అని కసిరి, ఆఖరి గింజ దాకా ఇంటి పక్క మడి బురదలో చల్లేసింది.

సభాగీని మాసీ అని పిలిచే ఆమె అక్క కొడుకు రసూల్‌బక్ష్ అదే కాలువ తలుపుల దగ్గర కావలి. గట్టుమీద నిలబడి అంతా చూశాడు. చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు.

మర్నాడు మంత్రిగారి కార్లు బారులు తీరి వచ్చాయి. చిట్టచివరి పల్లెకి కూడా నది చేరిందని ఆయన ఉపన్యసించాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, చప్పట్లు కొట్టమని అధికారులు జనం వెంట పడ్డారు. సభాగీ కూడా కొట్టింది పాపం, మనస్ఫూర్తిగానే. కార్లు పోయాయి, వాటి దుమ్ము అణగకముందే తలుపులు దిగాయి.

మొలకలకేం తెలుసు, అవి మాత్రం జానెడు లేచాయి. అడుగున తడి ఆరుతోంది, ఉప్పు పైకి తేలుతోంది. సభాగీ పట్నం ఆఫీసుకు పోయి నీళ్లడిగింది. అక్కడి పెద్దసారు కుర్చీలోంచి లేవకుండానే, కొసదాకా వదిలితే సగం సముద్రం పాలవుతుంది, అంత నీరు వృథా చేయలేమన్నాడు.

“నీళ్లు వృథా కాదు అయ్యా, మేము వృథా అని చెప్పండి. సూటిగా చెప్పండి, విని పోతాను” అంది సభాగీ. బంట్రోతు ఆమెను బయటికి పంపాడు.

అప్పుడు తిన్నగా రసూల్‌బక్ష్ దగ్గరికి వెళ్లింది. వాడు దాచలేదు. కార్లు వచ్చి పోయేదాకే నీళ్లని ముందే తెలుసన్నాడు. చెబితే నౌకరీ ఊడుతుందని పైవాళ్లు బెదిరించారన్నాడు.

“చెప్పకపోతే చెప్పకపోయావు. నేను చల్లుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపలేకపోయావట్రా?”

“తప్పయిపోయింది మాసీ.” వాడు జేబులోంచి తలుపులెత్తే చక్రం తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. “పోతే పోనీ నౌకరీ. తిప్పుకో.”

ఆడవాళ్లంతా కదిలారు. పట్టపగలే, ఎవరికీ జడవకుండా చక్రం పట్టి, ఎవరో మంత్రిని తిడుతూ, ఎవరో నవ్వుతూ, కిర్రుకిర్రున తలుపు పైకెత్తారు. సభాగీ వంగి చూసింది. తలుపు వెనక చుక్క నీరు లేదు. ఎండిన బురద, ఒక పాత చెప్పు, ఎగువదాకా అదే. నీళ్లను ఇంకా పైన ఎక్కడో మళ్లించేశారు. ఇంత కోపం తెచ్చుకుని వస్తే, తిట్టడానికి కూడా అక్కడ ఎవరూ లేకపోయారు.

ఇంటికొచ్చి సభాగీ మడిలో కూర్చుంది. మొలకల కొనలు అప్పటికే పసుపు తిరిగాయి. తాగేందుకు డబ్బాలో తెచ్చుకున్న నీళ్లు వాటి మీద పోయబోయింది. జులేఖాఁ అడ్డం రాలేదు, చంకలో పిల్లతో ఊరికే నిలబడింది. సభాగీ ఆ పిల్లకేసి చూసి, డబ్బా మూత బిగించింది. తర్వాత ఒక్కొక్క మొలకా తన చేత్తోనే పీకడం మొదలుపెట్టింది. ఉప్పు తినేలోగా మేకైనా తింటుందని ఒడి నింపి మేక ముందు పోసింది. మేక ఇట్టే నమిలేసింది. మామగారి వడ్లు అంతటితో సరి.

కొడుకు ఖమీసో మర్నాడే, సముద్రం పోటెక్కి పాయలోకి నీళ్లొచ్చే వేళ చూసి పడవ సర్దాడు. కరాచీ రేవులో కూలి దొరుకుతుంది, ఇంకా దేన్ని పట్టుకుని వేళ్లాడతావమ్మా, విత్తనం కూడా లేదుగా, అన్నాడు. అన్నదాంట్లో తప్పేముంది?

సభాగీ గుమ్మంలోంచి లేవలేదు.

“మీరు పొండి నాయనా, పిల్లకి నీళ్లు కావాలి. నేను మాత్రం రాను. నేనూ వచ్చేస్తే, అక్కడ మనుషులే లేరు, ఇంక నీళ్లెందుకంటారు ఆ దొంగనాయాళ్లు. ఆ మాట అననివ్వను.”

పడవ వెళ్లిపోయింది. ఆవిడ అక్కడే ఉంది.