మా మరిదిగారి జాలిగుండె

మా మరిదిగారిది జాలిగుండె. ఆ మాట ఆయనే చెప్పుకుంటాడు. తన కళ్లజోళ్ల దుకాణంలో గోడకు పెద్ద ఫొటో ఒకటి తగిలించాడు. అందులో చూపులేని పిల్లిని గుండెకు హత్తుకుని తలవాల్చి ఉంటాడు. కళ్లజోడుకని వచ్చినవాళ్లు “పాపం, మీ చేతిలో పడింది, బతికిపోయింది” అంటే చాలు, ఆ పూట ఆయనకు అన్నం కూడా అక్కర్లేదు.

చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. ఆయన భార్య, మా చెల్లిది.

దెబ్బతిన్న పిల్లుల్ని సాకే శరణాలయం నుంచి వాళ్లింటికి రెండు వచ్చాయి. చూపులేనిదాన్ని చెల్లి చూపులరాణి అంటుంది. రెండోది బండి కింద పడి నడుము విరిగింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ దేకుతుంది కనుక దేకుడు. వాడికి ఒంటేలు దానంతటది రాదు. పొట్ట కింద చెయ్యి పెట్టి, నిమ్మకాయలా ఉబ్బిన మూత్రసంచి వేళ్లకు తగిలాక మెల్లగా నొక్కి తీయాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. ఇదంతా చెల్లి పని. మరిదిగారి పని జాలిపడటం.

చెల్లి కత్తెర పట్టిందంటే జానెడు గుడ్డ కూడా వృథా పోదు. బట్టలు కుట్టే కార్ఖానావాళ్లు కత్తిరింపు పనంతా నువ్వే చూసుకోమని పిలిచారు. పోయినేడాది ఇలాగే పిలిస్తే రానంది. ఈసారి సోమవారానికల్లా పనిలో చేరమన్నారు, మూడోసారి పిలవరట.

“మధ్యాహ్నం దేకుడికి ఎవరున్నారక్కా?” అంది.

“మీ ఆయన దుకాణం పక్క వీధిలోనే కదే?”

“ఆయనకి ఆ వాసన పడదక్కా.”

నాకు ఒళ్లు మండిపోయింది. వాసన పడని మహానుభావుడు అదే వారంలో మూడో పిల్లికి దరఖాస్తు పెట్టాడు. ఇదీ నడుము విరిగిందే. పేపరువాళ్లెవరో రాస్తామన్నారని ఈసారి తన పేరుమీదే అడిగాడు.

ఆదివారం శరణాలయం ఆవిడ ఇల్లు చూడటానికి వస్తుందంటే నేనూ వెళ్లాను. మరిదిగారు పొద్దున్నే సోఫా ఇటు జరిపి, టీపాయి అటు లాగి, పిల్లుల గిన్నెలు ఎవరికీ కనపడని మూలకు నెట్టాడు. చెల్లి బతిమాలింది. “జరపకండి, రాణికి దారి తెలీదు.” చూపులేని పిల్లి ఉన్న ఇంట్లో కుర్చీ కూడా కదపకూడదు. ఇల్లంతా అది అడుగులతో గుర్తుపెట్టుకుంటుంది.

“వచ్చేవాళ్లకి ఇల్లు ఇల్లులా కనపడొద్దూ?” అన్నాడాయన.

కనపడింది. ఆవిడ కూర్చోగానే రాణి అలవాటైన దారిలో గబగబా వచ్చి సోఫా కోడుకు తల కొట్టుకుంది. నట్టింట్లో చతికిలబడి ఏడుపు మొదలుపెట్టింది. మరిదిగారు చేతులు చాచి “రా బంగారం, నాన్న దగ్గరికి రా” అన్నాడు. అది ఆ గొంతు ఎన్నడూ విననట్టు చెవులు వెనక్కి వాల్చి, చెల్లి అడుగుల చప్పుడు పట్టుకుని వంటింట్లోకి పోయింది.

ఆవిడ ముక్కుసూటి మనిషి. “రెండోదానికి ఇప్పుడు ఒంటేలు తీసే వేళే కదా? మీరు తీయండి, చూస్తాను” అంది.

“పోయినసారి మా ఆవిడ చేసి చూపించింది కదండీ.”

“అప్పుడు సంతకం ఆవిడది. ఎవరు సంతకం పెడితే వాళ్లు మా ముందు తీసి చూపించాలి. మా పద్ధతి అది.”

మరిదిగారు దేకుణ్ణి ఒళ్లోకి తీసుకుని పక్కటెముకలు తడిమాడు. వాడు మణికట్టు మీద నాలుగు గీతలు గీసి జారిపోయాడు.

“పగలు ఇంట్లో ఎవరుంటారు?” అని అడిగిందావిడ.

“మా ఆవిడ ఉంటుందండీ. తనకి వేరే పనేముంది?”

“ఉండను” అంది చెల్లి వంటింటి గుమ్మంలోంచి. “రేపట్నించి నేను పనిలో చేరుతున్నా.”

నోట్లో నాలుక లేని పిల్ల. నేనే నమ్మలేకపోయాను.

“మరి దేకుడో?” అన్నాడాయన. “వాడికేమన్నా అయితే ఆ పాపం నీదే.”

సిగ్గులేని మనిషి, సరిగ్గా ఎక్కడ పొడవాలో అక్కడే పొడిచాడు. చెల్లి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అయినా వెనక్కి తగ్గలేదు. దేకుణ్ణి పట్టుకొచ్చి నేలమీద కూర్చుని, ఆయన చెయ్యి లాగి వాడి పొట్ట కింద పెట్టింది. “ఇదిగో, ఇక్కడ. తగులుతోందా? అదే. గట్టిగా నొక్కకండి.”

శరణాలయం ఆవిడ మూడో పిల్లిని ఇవ్వనని చెప్పి వెళ్లిపోయింది. రాత్రి కూడా చెల్లి ఆయన చేతే తీయించిందట.

సోమవారం మధ్యాహ్నం నేను వెళ్లాను. ఆయన మీద నాకు రవ్వంత నమ్మకం లేదు. తలుపు దగ్గరికి వేసి ఉంది. మరిదిగారు స్నానాలగది నేలమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో దేకుడు. మోచేతుల దాకా గీతలు, ప్యాంటు మోకాళ్ల దాకా తడి. ఆ వాసనకు నేనే ముక్కు మూసుకున్నాను.

“వదినా, వస్తోంది” అన్నాడు, తల ఎత్తకుండా.

మెచ్చుకుంటానని ఎదురుచూశాడేమో, నాకు అంత జాలిగుండె లేదు. “మొత్తం అయ్యేదాకా చెయ్యి తీయకండి” అన్నాను.

ఇంతలో నా ఫోన్ మోగింది. చెల్లి. వెనకాల మిషన్ల మోత.

“అక్కా, తీశారా? బ్యాగు సర్దేశాను, చెప్తే వచ్చేస్తా.”

నేల మీద పారుతున్న తడి చూశాను. దేకుడు ఆయన మోకాలి మీద తలపెట్టి కళ్లు మూసుకున్నాడు.

“తీశాడులే. నువ్వు బ్యాగు కింద పెట్టి కత్తెర పట్టుకో” అన్నాను.