పెద్ద లీగులో ఒకే ఓవరు

క్రికెట్ ఆడటం నాకు రాదు, చూడటం వచ్చు. చేతిరాత బావుంటుందన్న పాపానికి మా కంపెనీ టీముకి నన్ను స్కోరర్ని చేశారు. గల్ఫ్‌లో ఘాలా అనే చోట మాది పెద్ద లారీల గ్యారేజీ. మామూలు రోజుల్లో ఆఫీసులో డ్యూటీ షీట్లు రాస్తాను, సెలవురోజైన శుక్రవారం గొడుగు కింద కూచుని పరుగులు రాస్తాను. ఏ పనిలోనూ నీకు చెమట పట్టదని రూములో అందరూ ఏడిపిస్తారు.

టైర్ల సెక్షన్లో కడప నుంచి వచ్చిన భాయ్ ఒకడు ఉండేవాడు. ఇంటికి ఫోన్ చేస్తే ఉర్దూ, నాతో తెలుగు. రూము వెనక కంటైనర్ల మధ్య ఖాళీలో టెన్నిస్ బంతితో అతను బౌలింగ్ చేస్తుంటే బ్యాటు తగిలించినవాడు లేడు. వెనక గోడ అడ్డం కాబట్టి ఎనిమిది అడుగులే పరిగెత్తేవాడు. అయినా బంతి కనపడేది కాదు.

టైర్ల పనంటే రేకుల కింద వేడిలోనే. రెండు వేసవుల్లో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాడు. ఇంకో వేసవి తనవల్ల కాదని నాతో చాలాసార్లు అన్నాడు. ఒకరోజు మేనేజరు అతని బౌలింగ్ చూసి, పెద్ద లీగులో ఒక మ్యాచ్ ఆడిస్తాను, బాగా వేస్తే స్టోర్సులో కూర్చోబెడతాను అన్నాడు. స్టోర్సంటే కుర్చీ, ఏసీ. టీములో ఆడేవాళ్లందరికీ అలాంటి పనులే. ఆ రోజు భాయ్‌కి అన్నం సహించలేదు.

నేను ఊరుకోవచ్చుగా. ఊరుకుంటే నేనెందుకవుతాను? అక్కడ గోడ లేదు భాయ్, గ్రౌండంతా నీదే, రన్నప్ రెట్టింపు చేసుకో, ఇంకా స్పీడొస్తుంది అన్నాను. జన్మలో బంతి పట్టనివాడి సలహా. నమ్మాడు.

బోడికొండల పక్కన పచ్చటి గ్రౌండు. పన్నెండో ఓవరు అతనికిచ్చారు. పదహారు అడుగులు కొలుచుకుని పరిగెత్తుకొచ్చాడు. మొదటి బంతికే బ్యాట్స్‌మన్ తడబడ్డాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండో బంతికి కాలు గీత దాటింది. నోబాల్.

అంపైరు సైగ చేస్తే, చూశాను, రాసుకున్నాను అని స్కోరరు చెయ్యెత్తాలి. ఎత్తేదాకా అంపైరు అలాగే నిలబడతాడు, తరవాతి బంతి పడదు. నోబాల్‌కి ఎత్తాను. ఆ తర్వాత ఫోరు, ఎత్తాను. వైడు, ఎత్తాను. ఎనిమిది అడుగులకి అలవాటుపడ్డ కాలు ఆ వేగంలో గీత దగ్గర ఆగడం లేదని నాకు తెలిసిపోయింది. అర అడుగు వెనక నుంచి రా అని చెబితే చాలు. కానీ స్కోరరు నోరు తెరవకూడదు, పక్కనే అవతలి టీము స్కోరరు. అరిచినా అంతదూరం వినపడదు. అయినా అరవాల్సింది.

తరవాతి బంతికి మధ్య వికెట్టు ఎగిరిపడింది. భాయ్ రెండు చేతులూ చాచి పరుగెత్తాడు. అంపైరు నోబాల్ అని వేసిన కేక అతనికి వినపడలేదు. తిరిగి చూసేసరికి అంపైరు చెయ్యి పక్కకి చాపి, నావైపు చూస్తున్నాడు. భాయ్ కూడా నావైపే చూశాడు. నా చెయ్యి లేవలేదు. నేను ఎత్తకపోతే అది ఔటైపోతుందా ఏమిటి? తెలుసు. అయినా లేవలేదు. అవతలి స్కోరరు మోచేత్తో పొడిచాడు. ఎత్తాను.

ఆ ఓవరు ఎలాగో ముగించాడు. కెప్టెన్ మళ్లీ బంతి ఇవ్వలేదు. మేనేజరు మ్యాచ్ అయ్యేదాకా ఉండకుండా కారెక్కి వెళ్లిపోయాడు. స్టోర్సు సంగతి అంతేనని అందరికీ అర్థమైంది. సెలవులయ్యాక ఆదివారం షీట్లో అతన్ని మళ్లీ టైర్ల సెక్షన్ కింద రాయాల్సింది నేనే. పెద్ద లీగులో అతను ఇంకెప్పుడూ ఆడలేదు.

తిరుగు బస్సులో వచ్చి నా పక్కనే కూచున్నాడు. రన్నప్ సంగతెత్తి నాలుగు తిడతాడనుకున్నాను. తిడితే బావుండేది. ఘాలా దగ్గరకొచ్చాక నావైపు తిరిగాడు.

"అన్నా, వికెట్టు పడినప్పుడు నువ్వు చెయ్యెత్తేదానికి రోంతసేపు పట్టింది గదా" అన్నాడు. "అంతసేపూ స్టోర్సులో ఉన్నట్టే అనుకున్యా."