వదిలేసిన ముడి

మొన్న నెల్లూరు ఎగ్జిబిషన్‌లో ఒకావిడ నా స్టాలు ముందు నిలబడి, దండలోని ముత్యాన్ని ముందుపంటికి రాసి చూసింది. గరగరలాడితే అసలుది, జారితే నకిలీ. అంతటితో ఊరుకోక, దండకు కట్టిన కార్డు చదివి, "ఇందులో రాశారే, ఆ వదిలేసిన ముడి ఎక్కడండీ?" అంది. కొక్కెం పక్కన చూపించాను. "ఎంత మంచి ఆచారమండీ!" అని మురిసిపోయింది. ఆ ఆచారానికి నేను చేసిన సన్మానం కార్డులో రాయలేదు గనక మురిసిపోయింది.

మాది వాకాడు వైపు సముద్రపు ఒడ్డు పల్లె. మగవాళ్ళు చేపలకు పోతే ఆడవాళ్ళు ఇళ్ళ ముందు వలలు అల్లేవాళ్ళు. ఆ పనిలో మా మేనత్త చెయ్యే చెయ్యి. నేను ఎం.కామ్ చదివి, కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగాన్ని ప్రిన్సిపాలుతో తగువు పెట్టుకుని వదిలేసి, ముత్యాల నగల బ్రాండు పెట్టినప్పుడు పేరు నాది, ముడి ఆవిడది. ముత్యానికీ ముత్యానికీ మధ్య పట్టుదారంతో వల ముడి. దండ తెగినా రాలేది ఒక్క ముత్యమే. సముద్రం మాదే గానీ ముత్యాలు హైదరాబాదు నుంచి కొరియర్లో వచ్చేవి. కార్డులో అదీ ఉండదు లెండి. అత్త పల్లెలోని నలుగురు ఆడవాళ్ళకు పని నేర్పింది. దారం కొసను పెదాలతో తడిపి, ముడిని గోటితో ముత్యం దాకా తోస్తూ కూర్చుంటే, మేం పని చేసే ఆ గదికి యజమాని ఆవిడేననిపించేది. నిజం చెప్పాలంటే అదే నాకు గిట్టేది కాదు.

మొదటి పెద్ద ఆర్డరు చెన్నై దుకాణానిది. పంపిన పెట్టె పంపినట్టే తిరిగొచ్చింది. అత్త గుచ్చిన ప్రతి దండలోనూ ఒకచోట ముడి లేదట, అక్కడ రెండు ముత్యాలు రాసుకుని మెరుపు పోతుందట. ఆ పెట్టెను తీసుకెళ్ళి, పని నేర్చుకున్న నలుగురూ చూస్తుండగా ఆవిడ ముందు బోర్లించాను.

"కళ్ళు కనపడకపోతే చెప్పి చావొచ్చు గదా అత్తా!"

"నా కళ్ళకేమొచ్చిందిమే? బాగనే ఉండాయి."

"మరి ఇదేంది?"

"అది అట్నే ఉండాల. మాయమ్మ అట్నే వదిలేది."

"మీయమ్మ అల్లింది చేపల వల. ఇది మెళ్ళో వేసుకునేది. గుడ్డిదానివని ఒప్పుకోవడానికి నామోషీనా?"

కత్తెర చేతికిచ్చి, అన్నిటినీ ఆవిడ చేతే కత్తిరించమన్నాను. ఒక్కొక్కటే కత్తిరించింది. స్టీలు పళ్ళెంలో ముత్యాలు టపటపా రాలుతుంటే నలుగురూ తలలు దించుకున్నారు. నేను దించలేదు. మర్నాటి నుంచి అత్త దారం ముట్టలేదు. పిలిస్తే, "గుడ్డిదాన్ని గదా," అని ఇంటిముందే కూర్చునేది. పీడా పోయిందనుకున్నాను.

కొన్నేళ్ళకు ఆ నలుగురిలో ఒకామె దండలోనూ ఒకచోట ముడి కనపడలేదు. అరవబోతే ఆమే అందుకుంది. "పెద్దామె చెప్పిందక్కా. వలలో ఒక కన్ను ముడెయ్యకుండా వదలాలంట. పిల్లచేప ఒకటన్నా బయటపడి పోవాలంట. అన్నీ బిగిస్తే అత్యాశంట."

అత్త దగ్గరికి పోయి, ఈ ముక్క ఆ రోజే ఎందుకు చెప్పలేదని పోట్లాడాను. అవును, పోట్లాటకే పోయాను.

"నువ్వడిగితే గదా," అంది. "నువ్వు తిడతా ఉండావు."

నేను వ్యాపారస్తురాలిని. వారం తిరక్కుండా ఆ మాటను కార్డు మీద అచ్చు వేయించి, ముడి లేని చోటును కొక్కెం పక్కకు జరిపాను. అదే చెన్నై దుకాణం ఎగబడి కొంది. కొత్త కార్డు మీద ఫోటో కోసం ఒక్క దండ గుచ్చమని, పట్టుదారం పట్టుకుని మళ్ళీ అత్త దగ్గరికి పోయాను. ఆవిడ దారం అందుకుంది. సూది కోసం చాపంతా తడిమింది. సూది ఆవిడ మోకాలి ముందే మెరుస్తోంది.

"ఇప్పుడు నిజంగానే కనపడ్డంలేదుమే," అని నవ్వింది. "నీకు ముందే తెలిసినట్టుండాదే."

సూది తీసి ఆవిడ వేళ్ళ మధ్య పెట్టాను. నేను ఒక్క క్షణంలో విసిరిన అబద్ధాన్ని కాలం ఏళ్ళ తరబడి ఓపిగ్గా నిజం చేసుకుంటూ వచ్చింది.